టచ్ లాప్‌టాప్‌కి 11 వేలు ఎక్కువ పెట్టొచ్చా? (బెంగళూరు, 70 వేల లోపు)

పాలపిట్ట | శుక్రవారం, రాత్రి 9.50

అందరికీ నమస్కారం. మేం కేఆర్ పురంలో ఉంటాం. నా లాప్‌టాప్ 2017లో కొన్నది, ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్. విండోస్ 11 వేద్దామంటే ఈ మెషీన్‌కి కుదరదంటోంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కదా. బ్యాంకు పనులన్నీ దీంట్లోనే చేస్తాను, అందుకే కాస్త టెన్షన్.

నిన్న వైట్‌ఫీల్డ్ వైపు ఒక షోరూమ్‌కి వెళ్లాం. 14 అంగుళాల టచ్ లాప్‌టాప్ చూపించారు. మూత పూర్తిగా వెనక్కి తిప్పితే పలకలా అయిపోతుంది. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, బరువు కిలోన్నర పైమాటే. ధర 68,990. అదే కంపెనీది, అదే ప్రాసెసర్, అదే ర్యామ్, టచ్ లేనిది 57,990. మా ఆయన రెండోది చాలంటారు. నాకేమో మొదటిదాని మీదే మనసు. వాడినవాళ్లు చెప్పండి.

ఘాటు | శుక్రవారం, రాత్రి 10.12

వద్దండీ. 11 వేలు పోసి తెర మీద వేలిముద్రలు కొనుక్కోవడమే. నిలువుగా ఉన్న తెరను తాకాలంటే చెయ్యి గాల్లో చాపి ఉంచాలి. పది నిమిషాలు అలా పనిచేసి చూడండి, భుజం పీకేస్తుంది. దీనికి ‘గొరిల్లా ఆర్మ్’ అని ఎప్పటి నుంచో పేరుంది.

ఇదేం కొత్త వింత కూడా కాదు. 1983లోనే హెచ్‌పీ వాళ్లు తెర చుట్టూ ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు పెట్టి హెచ్‌పీ-150 అని టచ్ కంప్యూటర్ తెచ్చారు. నలభై ఏళ్లు దాటాయి, మనం ఇంకా మౌస్ పట్టుకునే ఉన్నాం. 2010 అక్టోబర్‌లో స్టీవ్ జాబ్స్ కూడా వేదికెక్కి, నిలువు తెర మీద టచ్ పెడితే కాసేపటికే చెయ్యి నొప్పి పుడుతుందనే చెప్పాడు. ఆ డబ్బుతో మంచి కుర్చీ కొనుక్కోండి.

మారతహళ్లి మెస్ | శుక్రవారం, రాత్రి 10.40

ఘాటు బ్రో, ఆయన ఆ మాటన్న రెండేళ్లకే 2012లో విండోస్ 8 వచ్చింది, లెనోవో యోగా వచ్చింది. ఎవరి వ్యాపారం వాళ్లది. ఆ గొడవ వదిలేద్దాం.

నేను మూడేళ్లుగా ఇలా మడిచే లాప్‌టాప్ వాడుతున్నా. కంపెనీ పేరు ఎందుకులే. మొదటి నెల కనపడినదల్లా వేలితో నొక్కాను. తర్వాత తగ్గిపోయింది. ఇప్పుడు పీడీఎఫ్ పెద్దది చేయడానికి, అద్దె అగ్రిమెంట్ లాంటి వాటి మీద సంతకం పెట్టడానికి, వంట చేస్తూ వీడియో ఆపడానికి, అంతే. ఆఫీసు పనిలో టచ్ ముట్టుకున్న రోజు లేదు.

కానీ మడవడం మాత్రం తెగ వాడతా. ఊరెళ్లేటప్పుడు రైల్లో సైడ్ లోయర్ బెర్త్ మీద గుడారంలా నిలబెట్టి సినిమా చూస్తుంటే ఎదురు సీటు వాళ్లు కూడా చేరతారు. కీబోర్డు అడుగుకి వెళ్లిపోతుంది కాబట్టి టీ ఒలికినా భయం లేదు. ఉన్నా తక్కువే.

బాధలు: తెర మీద మెరిసే అద్దం. బాల్కనీలో కూర్చుంటే కోడ్ కంటే నా మొహమే ఎక్కువ కనిపిస్తుంది. నాది 250 నిట్స్ తెర (నిట్స్ అంటే తెర వెలుగు కొలత), పగలు బ్రైట్‌నెస్ చివరిదాకా పెట్టాల్సిందే. దాంతో బ్యాటరీ హారతి కర్పూరం. టచ్ పొర తినే కరెంటు కొంచెమే గానీ, అద్దం మెరుపు వల్ల మనం పెంచే వెలుగు తినేదే ఎక్కువ. మీరు చూసినది ఎన్ని నిట్సో అడగండి. 300 కంటే తక్కువైతే నేనైతే తీసుకోను. బాక్స్ మీద 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే రంగులు వెలిసిపోయినట్టుంటాయి, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ అంటే బాగుంటాయి.

తాతయ్య 2.0 | శుక్రవారం, రాత్రి 11.05

అందరూ కుర్రవాళ్లే మాట్లాడుతున్నారు, ఒక ముసలివాడి మాట కూడా వినండి. బ్యాంకులో రిటైరై జయనగర్‌లో ఉంటున్నాను. చేతులు కొంచెం వణుకుతాయి. మౌస్ మీద డబుల్ క్లిక్ అంటే నాకు పరీక్ష, రెండు నొక్కుల మధ్య బాణం గుర్తు ఎక్కడికో పోతుంది. మా అమ్మాయి టచ్‌ది ఇచ్చాక ఆ బాధ పోయింది. పొద్దున్నే పేపరు తెరిచి రెండు వేళ్లతో లాగితే అక్షరం ఎంత కావాలంటే అంత. మనవరాలి వీడియో కాల్ వస్తే నేరుగా పచ్చ గుండీ మీద వేలు. భుజం నొప్పి అంటారా, అది టచ్ లేకపోయినా ఉంది.

ఘాటు | శుక్రవారం, రాత్రి 11.09

తాతగారూ, మీ విషయంలో మాత్రం ఓడిపోయా.

స్క్రూడ్రైవర్ | శనివారం, ఉదయం 7.30

ఎస్పీ రోడ్డు దగ్గర రిపేర్ షాపు నాది. కొనేటప్పుడు ఎవరూ అడగరు, పగిలాక మా దగ్గరికొచ్చి అడుగుతారు. అందుకని ముందే చెబుతా.

మామూలు లాప్‌టాప్ తెర పోతే ముందు ఫ్రేమ్ ఊడదీసి, ప్యానెల్ మార్చేస్తాం. అరగంట పని. మడిచే టచ్ మోడళ్లలో ఎక్కువ వాటికి అద్దం, టచ్ పొర, ప్యానెల్ మూడూ ఒకదానికొకటి అతికించి ఉంటాయి. అద్దం ఒక మూల చీలినా మొత్తం సెట్టు మార్చాలి. మా షాపులో చేసిన వాటిలో మామూలు తెరకయ్యే ఖర్చుకి రెండింతల కంటే తక్కువైంది నాకు గుర్తులేదు, కొన్నిటికి మూడింతలు. పార్టు కోసం వారం పది రోజులు ఆగాలి. మామూలు వారంటీలో పగిలిన తెర రాదు. టచ్ తీసుకుంటే యాక్సిడెంటల్ డ్యామేజ్ కవర్ కూడా తీసుకోండి. ఎన్ని రోజుల్లోపు తీసుకోవాలో కొనేటప్పుడే అడగండి, ఆలస్యమైతే ఇవ్వకపోవచ్చు.

హింజ్ (మూత తిరిగే బందు) సంగతి. తెర కేబుల్ దాని పక్కనుంచే పోతుంది. ఒక మూల పట్టుకుని లాగి తెరిచేవాళ్లే నాకు అన్నం పెట్టేది. మధ్యలో పట్టుకుని తెరవండి.

ఇంకొకటి. ఎవరూ ముట్టుకోకుండానే తెర దానంతటదే నొక్కుకుంటుంది. మా కుర్రాళ్లు దెయ్యం పట్టిందంటారు. తేమ వల్ల రావచ్చు, కేబుల్ నలిగితే రావచ్చు. కానీ చార్జర్ పెట్టినప్పుడే వచ్చి, తీసేస్తే పోతుందంటే లాప్‌టాప్‌ని తిట్టకండి, ముందు ఇంటి వైరింగ్ చూసుకోండి. పాత ఇళ్లలో సాకెట్‌కి మూడో రంధ్రం ఉంటుంది, వెనక ఎర్త్ వైరు ఉండదు. మెటల్ బాడీ మీద చెయ్యి పెడితే సన్నగా జివ్వుమంటుంది చూడండి, అదే గుర్తు. లేని తప్పుకి తెర మార్పించుకోవడానికి వచ్చిన వాళ్లని నేనే వెనక్కి పంపాను.

టచ్ విసిగిస్తే ఆపేసుకోవచ్చు కూడా. డివైస్ మేనేజర్‌లో హ్యూమన్ ఇంటర్‌ఫేస్ డివైసెస్ కింద ‘హెచ్‌ఐడీ కంప్లయంట్ టచ్ స్క్రీన్’ అని ఉంటుంది. డిసేబుల్ కొడితే సరి.

పెంగ్విన్ బావ | శనివారం, ఉదయం 7.52

పాత లాప్‌టాప్ పారెయ్యకండి. దాంట్లో విండోస్ బదులు ఉబుంటు (ఉచితంగా దొరికే లినక్స్) వేస్తే ఇంకో నాలుగేళ్లు బండి లాగుతుంది. టచ్‌ది కొన్నా లినక్స్‌లో టచ్ పనిచేస్తుంది, మూడు వేళ్ల సైగలు కూడా బాగుంటాయి. మడిచినప్పుడు తెర తిరగడం మాత్రం మోడల్‌ని బట్టి.

మారతహళ్లి మెస్ | శనివారం, ఉదయం 8.01

బావ వచ్చేశాడు. ఏడింటికి కుక్కర్ కూత ఎంత ఖాయమో ఇదీ అంతే.

పాలపిట్ట | శనివారం, ఉదయం 9.20

లేచి చూస్తే ఇన్ని జవాబులు! ఎందుకు కావాలో అసలు చెప్పనేలేదు, తప్పు నాదే. నేను 9, 10 తరగతుల పిల్లలకు లెక్కలు చెబుతాను. సాయంత్రం ఆరుగురు ఇంటికొస్తారు. రాత్రి ఎనిమిదికి అనంతపురం, హిందూపురం నుంచి మా చుట్టాల పిల్లలు, వాళ్ల స్నేహితులు కలిపి పదకొండు మంది ఆన్‌లైన్‌లో.

ఇప్పుడెలా చెబుతున్నానంటే, రెండు స్టీలు డబ్బాల మీద అడ్డంగా స్కేళ్లు పెట్టి, వాటి మీద ఫోన్ పడుకోబెట్టి, కింద కాగితం మీద రాస్తుంటే పిల్లలు కెమెరాలో చూస్తారు. ఫ్యాన్ వేస్తే కాగితం ఎగురుతుంది. ఆపితే నేను ఎగురుతాను. తెర మీదే రాసేస్తే బాగుంటుంది కదా అని ఆశ.

ఘాటు | శనివారం, ఉదయం 9.31

అక్కా, ఈ ముక్క మొదటి పోస్టులోనే చెప్పుంటే గొరిల్లాని నిద్రలేపేవాణ్నే కాదు.

గీతలరాయుడు | శనివారం, ఉదయం 11.15

బొమ్మలేసుకుని బతికేవాణ్ని, ఇది నా పేట.

టచ్ వేరు, పెన్ వేరు. వేలికి పలికే ప్రతి తెరా రాతకి పనికిరాదు. రబ్బరు మొన పెన్నులు వంద, నూటయాభైకి అమ్ముతారు. తెర దృష్టిలో అదీ ఒక వేలే. రాస్తూ అరచెయ్యి ఆనించారనుకోండి, దాన్నీ ఇంకో వేలనుకుని గీతలు గీస్తుంది. మీకు కావలసింది యాక్టివ్ పెన్. అది దగ్గరికి రాగానే తెర గుర్తుపట్టి అరచేతిని పట్టించుకోవడం మానేస్తుంది.

స్పెక్స్‌లో మైక్రోసాఫ్ట్ పెన్ ప్రోటోకాల్, అంటే ఎంపీపీ అని గానీ, వేకమ్ ఏఈఎస్ అని గానీ ఉందేమో చూడండి. రెండూ లేకపోతే 11 వేలు దండగ, ఇక్కడ ఘాటు గారితో నేనూ కలుస్తా. ఒక రకం పెన్ను రెండో రకం తెర మీద రాయదు, రెండిటికీ పనికొచ్చేవి కొన్ని ఉంటాయి. పెన్ను బాక్స్‌లో ఇస్తున్నారా, విడిగా కొనాలా అని కూడా అడగండి. ఈ ధరలో చాలావాటికి విడిగానే. మరో చిన్న చిరాకు, కొన్ని పెన్నులకి ఏఏఏఏ బ్యాటరీ పడుతుంది. నాలుగు ఏలు, పొరపాటు కాదు. కిరాణా కొట్లో దొరకదు. యూఎస్‌బీ-సీతో చార్జ్ అయ్యేదైతే మేలు.

4096 ప్రెషర్ లెవెల్స్ (పెన్ను ఎంత గట్టిగా నొక్కామో పట్టే మెట్లు) అని గొప్పగా రాస్తారు. లెక్కలకి అవి అక్కర్లేదు. గీత వణుకుతోందా లేదా అన్నదే మీకు ముఖ్యం. షాపులో స్కేలు పెట్టి ఏటవాలుగా, నెమ్మదిగా ఒక గీత గీయండి. చవక తెరల మీద అది మెట్లు మెట్లుగా వస్తుంది. ఇంగ్లీషు రాసి చూపిస్తే షాపువాళ్లకి ఈ లోపం కనపడదు, ఎందుకంటే ఆ అక్షరాల్లో నిలువు గీతలే ఎక్కువ. మన అక్షరాలు గుండ్రాలు. ‘జ్ఞ’, ‘క్ష’, ‘ఋ’ చిన్నగా రాసి చూడండి, మోసం బయటపడుతుంది. రాస్తూ అరచెయ్యి పూర్తిగా ఆనించండి. మొనకీ గీతకీ మధ్య ఎడం కనిపిస్తోందా చూడండి.

చవక దారీ ఒకటుంది. టచ్ లేని లాప్‌టాప్ కొని, దానికి తెరలేని పెన్ టాబ్లెట్ తగిలించండి. మూడు నుంచి ఐదు వేలలో మంచిది వస్తుంది. చెయ్యి కింద రాస్తుంటే కళ్లు తెర మీద ఉండాలి, వారం రోజులు అక్షరాలు పిచ్చుక గూళ్లలా ఉంటాయి, తర్వాత అలవాటవుతుంది. ఆన్‌లైన్ పిల్లలకి తేడా తెలియనే తెలియదు. ఇంటికొచ్చే ఆరుగురి సంగతే ఆలోచించుకోండి.

మారతహళ్లి మెస్ | శనివారం, మధ్యాహ్నం 12.05

ఇంకో ఉపాయం. పెన్‌తో వచ్చే ఆండ్రాయిడ్ టాబ్లెట్ తీసుకుని, మీటింగ్‌లో దాన్ని రెండో మనిషిలా చేర్చి, దాని తెర షేర్ చేయడం. లాప్‌టాప్‌లో మీ మొహం, టాబ్లెట్‌లో మీ రాత. టాబ్లెట్‌లో మైకు, స్పీకరు రెండూ ఆపాలి, లేదంటే గుహలో అరిచినట్టుంటుంది. కాకపోతే లాప్‌టాప్ కూడా కొత్తది కావాలి కాబట్టి 70 దాటిపోవచ్చు.

ఏది కొన్నా 16 జీబీ కంటే తగ్గొద్దు. సన్నటి మడిచే మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోలేరు. ఎస్‌ఎస్‌డీ అయితే మార్చుకోవచ్చు.

పాలపిట్ట | ఆదివారం, రాత్రి 8.45

వెళ్లొచ్చా. మొదటి షాపులో అబ్బాయి మంచివాడే గానీ పెన్ను లేదన్నాడు. “మేడమ్, వేలితో రాయండి, సేమ్” అన్నాడు. గీతలరాయుడు గారి పోస్టు చదవకపోతే నమ్మేసేదాన్ని.

రెండో షాపులో అదే మోడల్‌కి పెన్ను పెట్టారు. ఎంపీపీ అని స్పెక్స్‌లో ఉంది. పెన్ను విడిగా, మూడు వేల చిల్లర. నేను ‘క్షేత్రగణితం’ అని రాస్తుంటే ఇద్దరు సేల్స్ కుర్రాళ్లు వచ్చి నిలబడ్డారు. ఏటవాలు గీత నెమ్మదిగా గీస్తే కొంచెం వణికింది, మామూలు వేగంతో రాస్తే తెలియలేదు. అరచెయ్యి ఆనించినా ఫర్వాలేదు. అద్దం మీద పెన్ను జారుతుంది, పలక మీద బలపంలా పట్టు లేదు.

నచ్చనిది బరువు. మడిచి చేత్తో పట్టుకుంటే కింద కీబోర్డు మీటలు వేళ్లకి తగులుతూ ఉంటాయి. అవి పనిచేయవు, తెలుసు, అయినా ఏదో నొక్కేస్తున్నానన్న భయం. ఒడిలో పెట్టుకుని రాయడం అయ్యే పని కాదు. టేబుల్ మీద పడుకోబెడితే బ్రహ్మాండంగా ఉంది.

మా ఆయన పక్కనే ఉన్న పెన్ టాబ్లెట్ చూపించి ఇది తీసుకో, ఏడెనిమిది వేలు మిగులుతాయి అన్నారు. రాసి చూశా. చేతి దారి చేతిది, కంటి దారి కంటిది. నా చిన్నప్పుడు కుట్టుమిషన్ నేర్చుకున్న రోజులు గుర్తొచ్చాయి.

గీతలరాయుడు | ఆదివారం, రాత్రి 9.10

ఆ జారుడుకి మ్యాట్ ఫిల్మ్ వేయించుకోండి, కాగితం పట్టు వస్తుంది, మెరుపూ తగ్గుతుంది. అక్షరం చుట్టూ కాస్త గరుకుగా కనిపిస్తుంది, పెన్ను మొన త్వరగా అరుగుతుంది. అదనపు మొనలు ఇస్తారేమో అడగండి.

మీ ఆయన లెక్క తప్పు కాదు. ఆన్‌లైన్ ఒక్కటే అయితే నేనూ పెన్ టాబ్లెట్టే అనేవాణ్ని.

ఘాటు | ఆదివారం, రాత్రి 9.14

ఆరుగురు పిల్లలు ఒక 14 అంగుళాల తెర చుట్టూ? తలలు ఢీకొంటాయి. ఇంటికొచ్చేవాళ్లకి గోడ మీద తెల్లబోర్డు కొట్టించి, ఆన్‌లైన్‌కి పెన్ టాబ్లెట్ పెట్టుకుంటే రెండూ కలిపి ఆరు వేలు. నా ఓటు ఇంకా 57,990కే.

పాలపిట్ట | ఆదివారం, రాత్రి 9.40

బోర్డు ఉందండీ. బోర్డు దగ్గరికి రమ్మంటే ఆడపిల్లలు ఇద్దరు తల వంచుకుని కూర్చుంటారు. నోటుబుక్కులో అయితే చకచకా చేస్తారు. పలకలా ముందుకు తోస్తే చేస్తారేమోనని నా ఆశ.

తాతయ్య 2.0 | ఆదివారం, రాత్రి 9.52

చేస్తారమ్మా. నేనూ అలాంటివాణ్నే. కొనేసెయ్.

పాలపిట్ట | తర్వాతి శనివారం, రాత్రి 9.30

కొన్నాం. బేరమాడితే లాప్‌టాప్ 66,500కి ఇచ్చారు, పెన్నుకి మాత్రం తగ్గించలేదు. యాక్సిడెంటల్ కవర్ కూడా తీసుకున్నా. 70 దాటింది, మా ఆయన బిల్లు వైపు చూడలేదు. తెర 300 నిట్స్. పగలు కిటికీ పక్కన చాలదు, సాయంత్రం క్లాసులకి హాయి.

ఆన్‌లైన్ పిల్లలు మొదటి రోజే “మేడమ్, ఫ్యాన్ వేసుకున్నారా?” అన్నారు. నిన్నటి లెక్క మళ్లీ చూపించమంటే పేజీ వెనక్కి జరిపితే చాలు. ఆ పేజీలన్నీ పీడీఎఫ్ చేసి పంపిస్తున్నా, ఇది నేను అనుకోని లాభం. ఇంటికొచ్చేవాళ్లలో ఆ ఇద్దరిలో ఒకమ్మాయి తెర మీద త్రిభుజం గీసి మధ్యగత రేఖలు వేసింది. రెండో అమ్మాయి ఇంకా తల వంచుకునే ఉంది.

ఘాటు గారు అన్నట్టు తలలు ఢీకొన్నాయి. ముగ్గురు ముగ్గురుగా కూర్చోబెడుతున్నా.

ఘాటు | శనివారం, రాత్రి 9.36

వేలిముద్రలో?

పాలపిట్ట | శనివారం, రాత్రి 9.41

ముద్రలు కాదు, మురుకుల నూనె. పాత నేత చీర ముక్క పక్కనే పెట్టుకున్నా.

ఒక సందేహం స్క్రూడ్రైవర్ గారికి. నిన్న క్లాసు మధ్యలో గీతలు వాటంతటవే పక్కకి గెంతాయి. స్క్రీన్ పోయిందేమోనని గుండె ఆగినంత పనైంది. చార్జర్ తీసేస్తే మామూలైపోయింది. మళ్లీ పెడితే మళ్లీ గెంతులు.

స్క్రూడ్రైవర్ | శనివారం, రాత్రి 9.58

బాడీ మీద చెయ్యి పెడితే జివ్వుమంటోందా? ఇల్లు ఎప్పటిది?

పాలపిట్ట | శనివారం, రాత్రి 10.03

జివ్వుమంటోంది. ఇల్లు చాలా పాతది, అద్దెది. ఓనరు గారికి ఫోన్ చేస్తే, ముప్పై ఏళ్లుగా ఎవరికీ రాని బాధ మీకెందుకొచ్చిందన్నారు. నేనే ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను, సోమవారం వస్తానన్నాడు. అప్పటిదాకా మధ్యాహ్నం వంటింట్లో చార్జింగ్ పెట్టేసి, సాయంత్రం వైరు తీసేసి రెండు క్లాసులూ బ్యాటరీ మీదే చెబుతున్నా. ముగిసేసరికి 30 శాతం మిగులుతోంది.

స్క్రూడ్రైవర్ | శనివారం, రాత్రి 10.06

సోమవారం అతను సాకెట్ విప్పినప్పుడు పక్కన నిలబడి చూడండి. పచ్చ ఎర్త్ వైరు కనిపిస్తే చాలదు, దాని రెండో చివర ఎక్కడికి పోతోందో చూపించమనండి.